ఎడారికి ఏ కెమెరా పట్టుకెళ్దాం? రాతి రథం మీద లేని శిఖరం చెప్పే సంగతి

ఈసారి పోస్టు బాగా పొడుగైంది. తీరిక చూసుకుని చదవండి.

మొన్న కార్తీక వనభోజనాల్లో అందరూ తినేసి చెట్టు కింద చేరగిలబడ్డాక మన కుర్రాళ్ళు నలుగురు నా దగ్గరకొచ్చి కూర్చున్నారు. జనవరిలో జైసల్మేర్ వెళ్తున్నారట. ఆరు రోజులు. ఇసుక దిబ్బలు, ఒంటెలు, కోట, రాత్రిపూట నక్షత్రాలు, అన్నీ ఫోటోలు తీయాలని ఉబలాటం. "బాబాయ్, మీరు పాతికేళ్ళ నుంచి మెడలో కెమెరా వేసుకుని తిరుగుతున్నారు కదా. ఏం పట్టుకెళ్ళాలో చెప్పండి" అని ఫోనులో ఒక జాబితా చూపించారు. రెండు కెమెరాలు, ఐదు లెన్సులు, డ్రోన్, రెండు ట్రైపాడ్లు, లైట్లు, ల్యాప్‌టాప్.

"తూకం వేశారా?" అన్నాను.

"14 కిలోలు, బాబాయ్."

"సరే, అక్కడ ఏం తీద్దామని?"

నలుగురూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఒకడు మెల్లిగా "ఎడారి" అన్నాడు.

వాళ్ళని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ఆ వయసులో నా జాబితా కూడా అలాగే ఉండేది, కొనే డబ్బే ఉండేది కాదు. అక్కడ సరైన జవాబు చెప్పలేక ఇంటికొచ్చాను. నాలుగు రోజులు ఆలోచించి ఇది రాస్తున్నాను. ఏం సర్దుకోవాలో చివర్లో చెబుతాను. దానికి ముందు కొంచెం చరిత్ర చెప్పాలి. ఎండకీ దుమ్ముకీ భయపడుతూ పెట్టె సర్దుకున్న మొదటి మనుషులు మనం కాదు. అలా సర్దుకున్న ఒకాయన మన గుమ్మం ముందు, తుంగభద్ర అవతలి ఒడ్డునే 170 ఏళ్ళ కింద పనిచేశాడు.

ఆయన పేరు అలెగ్జాండర్ గ్రీన్‌లా. మద్రాసు సైన్యంలో అధికారి. 1855, 1856 ప్రాంతంలో హంపి శిథిలాలను ఫోటోలు తీశాడు. అప్పటికి ఫోటోగ్రఫీ పుట్టి పదిహేడేళ్ళు కూడా కాలేదు. బళ్ళారి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. నదికి ఇవతల మన రాయచూరు దోఆబ్ సంగతి తమాషాగా ఉండేది. నిజాం బాకీల కింద 1853లో బేరారుతో పాటు దీన్ని కూడా ఇంగ్లీషు వాళ్ళ చేతిలో పెట్టాడు, 1860లో మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. అంటే గ్రీన్‌లా హంపిలో కెమెరా నిలబెట్టిన రోజుల్లో నదికి రెండు వైపులా పెత్తనం ఇంగ్లీషు వాళ్ళదే. రైలు ఇంకా రాలేదు. బొంబాయి వైపు నుంచీ మద్రాసు వైపు నుంచీ వేసుకొచ్చిన రైలు మార్గాలు రాయచూరులో కలిసింది 1871లో. కాబట్టి ఆయన సామాను కదలాలంటే ఎద్దుబండ్లూ కూలీలే దిక్కు.

ఆ సామాను ఎంతో ఊహించండి. అప్పట్లో ఫోటోను పెద్దది చేసి అచ్చు వేసుకునే సౌకర్యం మామూలుగా లేదు. పెద్ద ఫోటో కావాలంటే నెగటివ్ అంత పెద్దదిగా ఉండాలి. గ్రీన్‌లా నెగటివ్‌లు సుమారు 16 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల పొడవు. అంటే కెమెరా ఒక చిన్న ట్రంకు పెట్టె అంత ఉంటుంది. దానికి తోడు కాలిపీట, రసాయనాల సీసాలు, కడగడానికి పళ్ళాలు, శుభ్రమైన నీళ్ళు.

ఆయన ముందు రెండు దారులున్నాయి. రెండూ 1851లో లోకానికి తెలిసినవే.

మొదటిది గాజు పలక. కొలోడియన్ అనే జిగట ద్రవాన్ని గాజు మీద పోసి, వెండి లవణంలో ముంచి, తడిగా ఉండగానే ఫోటో తీసి, తడిగా ఉండగానే కడగాలి. బొమ్మ చాలా స్పష్టంగా వస్తుంది. కాని ఆ పలక ఆరిందా, అంతే సంగతి. చల్లటి ఇంగ్లండులోనే పది నిమిషాల గడువు. మన మార్చి ఎండలో ఎంత ఉంటుందో చెప్పనక్కర్లేదు. పైగా ఎక్కడికెళ్తే అక్కడికి చీకటి గుడారం మోసుకెళ్ళాలి.

రెండోది మైనపు కాగితం. ఫ్రాన్సులో గుస్తావ్ లగ్రే కనిపెట్టిన పద్ధతి. పల్చని కాగితానికి మైనం పట్టించి, తర్వాత మందులు పట్టించి ఆరబెడతారు. ముందుగానే తయారు చేసుకున్న కాగితాలు కొన్ని రోజులు నిలవుంటాయి. పొద్దున్నే తీసుకెళ్ళి ఫోటోలు తీసుకుని, రాత్రి బసకి వచ్చాక తీరిగ్గా కడుక్కోవచ్చు. పగిలే భయం లేదు, బరువు తక్కువ. నష్టం కూడా ఉంది. కాగితపు పీచు వల్ల గాజు మీద వచ్చినంత నాజూకు రాదు. ఒక్కో ఫోటోకి నిమిషాల తరబడి మూత తీసి ఉంచాలి. మనిషి కదిలితే మాయమైపోతాడు.

గ్రీన్‌లా కాగితాన్ని ఎంచుకున్నాడు. అందుబాటులో ఉన్న వాటిలో ఎక్కువ స్పష్టత ఇచ్చేది అది కాదు. కాని తను వెళ్ళే చోటుకి పనికొచ్చేది అదే. గుళ్ళూ మండపాలూ ఎటూ కదలవు, నిమిషాలు పట్టినా ఇబ్బంది లేదు. ఎండ, దుమ్ము, దూరం, ఈ మూడింటినీ తట్టుకునేది కాగితం. ఏ కెమెరా మంచిదని అడిగే ముందు ఏం తీయబోతున్నాం, ఎక్కడ తీయబోతున్నాం అని అడగాలంటాను నేను. గ్రీన్‌లా కాగితం ఎంచుకోవడంలో ఉన్నది ఈ లెక్కే.

ఆ నెగటివ్‌లు సుమారు అరవై మిగిలాయి. వంద ఏళ్ళకు పైగా ఎవరికీ పట్టకుండా ఇంగ్లండులో ఉండిపోయి, 1980లో వెలుగులోకి వచ్చాయి. 1983లో జాన్ గోలింగ్స్ అనే ఆస్ట్రేలియా ఫోటోగ్రాఫర్ హంపి వచ్చి, గ్రీన్‌లా ఎక్కడెక్కడ కెమెరా పెట్టాడో వెతుక్కుని, అవే చోట్ల నుంచి అవే దృశ్యాలు మళ్ళీ తీశాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మధ్యలో 127 ఏళ్ళు కళ్ళకు కడతాయి.

ఇప్పుడు మీ జేబులోంచి కొత్త 50 రూపాయల నోటు తీయండి. వెనకవైపు హంపి విఠలాలయం రాతి రథం ఉంటుంది. దాని పైభాగం చూడండి. చదునుగా ఉంది కదా? మనమందరం పిల్లల్ని తీసుకెళ్ళి, ముందు నిలబెట్టి ఫోటోలు తీసిన రథం అదే. అది అలాగే పుట్టిందనుకుంటాం. గ్రీన్‌లా ఫోటోలో ఆ రథం మీద ఇటుకలతో కట్టిన శిఖరం ఉంది! గుడి విమానం లాంటిది. తర్వాతి దశాబ్దాల్లో దాన్ని తీసేశారు. ఇవాళ మనకి తెలిసిన రథం సగం రథమే. ఆ పై సగం ఎలా ఉండేదో చూపించే సాక్షి ఒక మైనపు కాగితం.

ఫోటో తీసేటప్పుడు గ్రీన్‌లాకి ఆ శిఖరం పోతుందని తెలిసి ఉంటుందా? నాకైతే నమ్మకం లేదు. ఎదురుగా ఉన్నది ఉన్నట్టు, నింపాదిగా, తిన్నగా తీశాడు. అందుకే అది ఇవాళ మనకి పనికొచ్చింది.

ఇక అసలైన ఎడారుల సంగతి చూద్దాం.

గ్రీన్‌లా హంపిలో ఉన్న ఏడాదే, 1856లో, ఫ్రాన్సిస్ ఫ్రిత్ అనే ఇంగ్లీషాయన ఈజిప్టు బయల్దేరాడు. 1860లోపు మూడుసార్లు వెళ్ళాడు. ఆయన గాజు పలక దారి పట్టాడు. వాటిలో పెద్దవి 16 అంగుళాలు, 20 అంగుళాలు. గుడారంలో ఉక్కకి కొలోడియన్ గాజును తాకగానే బుసబుసా పొంగేదని ఆయనే రాసుకున్నాడు. ఒక్కోసారి సమాధుల చీకట్లోనే డార్క్‌రూమ్ పెట్టుకున్నాడు. అంత తిప్పలు పడి తెచ్చిన ఆ ఫోటోలు ఇంగ్లండులో బాగా అమ్ముడయ్యాయి. అంటే గాజు తప్పని కాదు, ఆ బరువు మోయడానికి ఆయన దగ్గర డబ్బూ మనుషులూ ఉన్నారు.

1867లో అమెరికాలో తిమోతీ ఓ సలివన్ నెవాడా రాష్ట్రంలోని కార్సన్ ఎడారికి వెళ్ళాడు. ప్రభుత్వ భూమి సర్వే బృందంలో ఫోటోగ్రాఫర్. ఒక పాత సైనిక అంబులెన్సు బండిని డార్క్‌రూమ్‌గా మార్చి, దానికి కంచరగాడిదలు కట్టి ఇసుక దిబ్బల మధ్యకి తోలుకెళ్ళాడు. అక్కడ తీసిన ఒక ఫోటో ప్రపంచమంతా తెలుసు. తెల్లటి దిబ్బలు, మధ్యలో ఆ నల్లటి బండి, బండి దగ్గర నుంచి కెమెరా వైపు నడిచొచ్చిన అడుగుజాడలు. అడుగులు ఆయనవే. ఎడారిలో ఫోటో తీయడానికి మనిషి పడ్డ పాటంతా ఆ ఫోటోలోనే ఉంది. మన కుర్రాళ్ళకి ఒక చిట్కా కూడా ఉంది అందులో. ఉత్త ఇసుక తీస్తే దిబ్బ ఎంత పెద్దదో చూసేవాడికి అర్థం కాదు. దూరంగా ఒక మనిషో బండో ఒంటో ఉంటేనే కొలత తెలుస్తుంది.

తర్వాత బరువు తగ్గుతూ వచ్చింది. 1870ల చివరికి జెలటిన్ పూసిన పొడి గాజు పలకలు పెట్టెల్లో అమ్మకానికి వచ్చాయి. గుడారం బాధ తప్పింది. మన హైదరాబాదు సంస్థానంలో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర ఆస్థాన ఛాయాచిత్రకారుడిగా 1885లో చేరిన లాలా దీన్ దయాళ్ అంత విరివిగా, అన్ని చోట్లకీ తిరిగి పనిచేయగలిగాడంటే ఆ పొడి పలకల పుణ్యం కూడా ఉంది. రాజా ముసవ్విర్ జంగ్ అన్న బిరుదు పొందిన ఆయన 1905లో పోయాడు. ఆయన గాజు నెగటివ్‌లు రెండు వేల ఎనిమిది వందలకు పైగా ఇవాళ ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో భద్రంగా ఉన్నాయి. 1888లో చుట్టఫిల్ముతో కొడాక్ వచ్చింది. 1925లో జేబులో పట్టే లైకా వచ్చింది.

ఆ లైకాతో ఎడారిలో ఏం చేయవచ్చో చూపించినవాడు విల్ఫ్రెడ్ థెసిజర్. 1946, 1948 మధ్య అరేబియాలో రుబ్ అల్ ఖాలీ అనే మహా ఎడారిని స్థానిక బెదూలతో కలిసి ఒంటెల మీద రెండుసార్లు దాటాడు. ఆయన కెమెరా భద్రత ఎలాగో తెలుసా? మేకతోలు సంచి! బెదూలు నీళ్ళు పోసుకునేది మేకతోలులోనే, ఈయన కెమెరా దాచుకున్నదీ మేకతోలులోనే. తీసి, క్లిక్ మనిపించి, మళ్ళీ లోపల పెట్టేయడమే. ఆ తర్వాత కొద్ది ఏళ్ళకే ఆ దేశాల్లో చమురు వచ్చింది. ఒంటెల మీద సాగే ఆ బతుకు దాదాపు కళ్ళ ముందే పోయింది. ఆయన ఫోటోలు ఇప్పుడు ఆ ప్రజల మనవళ్ళే వెతుక్కుని చూసుకుంటున్నారు, తమ తాతల మొహాల కోసం.

ఇక్కడ నేను మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మీలో చాలామంది ఇళ్ళలో కూడా ఇదే కథ ఉంటుందని నా అనుమానం.

తుంగభద్ర ఆనకట్టకి 1945లో శంకుస్థాపన జరిగింది, 1953లో కాలువల్లోకి నీళ్ళొచ్చాయి. ఎడమ కాలువ కింద గంగావతి, సింధనూరు, మాన్వి తాలూకాల నల్లరేగడికి నీళ్ళు పారతాయని తెలిసి గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి రైతులు సామాన్లు కట్టుకుని వచ్చారు. ఈ ఊళ్ళన్నిటి పేర్ల చివర ఇప్పటికీ క్యాంపు అని ఎందుకుందో మన పిల్లలకి చెప్పండి. మా తాతయ్య, నానమ్మ అలా వచ్చినవాళ్ళే.

అప్పటి నేల ఎలా ఉండేదో నానమ్మ చెప్పేది. చెట్టనేది కనపడకుండా మైళ్ళ కొద్దీ బయలు. ఎండాకాలం వస్తే నెర్రెల్లో కాలు దిగబడేది. మధ్యాహ్నం పూట దూరంగా నీళ్ళున్నట్టు కనపడేది, పశువులు కూడా మోసపోయి అటు నడిచేవట. మంచినీళ్ళకి రెండు కోసులు వెళ్ళాలి. సాయంత్రం దుమ్ము లేచిందంటే అన్నం కుండ మీద మూత తీయడానికి లేదు. మన రాయచూరు ఎడారి కాదు, ఇక్కడ ఏడాదికి 600 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడుతుంది, జైసల్మేర్‌లో 200 కూడా పడదు. కాని గోదావరి గట్టు మీద పెరిగిన పిల్లకి అది ఎడారే.

ఇప్పుడు అదే నేల మీద నిలబడితే నాలుగు వైపులా వరి. నానమ్మ చెప్పిన బయలు ఎక్కడుందో చూపించమంటే నేను చూపించలేను.

ఆ రోజుల ఫోటో ఒకటి మా ఇంట్లో ఉంది. గంగావతిలో ఒక స్టూడియోలో తీయించుకున్నది. తాతయ్య కుర్చీలో, నానమ్మ పక్కన నిలబడి, వెనకాల ఇంకో కుర్రాడు. వాళ్ళ వెనక గుడ్డ మీద గీసిన జలపాతం, రాజభవనం, పూలకుండీలు! నీళ్ళ కోసం రెండు కోసులు నడిచిన మనుషులు బొమ్మ జలపాతం ముందు నిలబడి ఫోటో దిగారు. ఆ స్టూడియో బయట అడుగు పెట్టి ఆ నేలను ఒక్క ఫోటో తీసినవాళ్ళు మా కుటుంబంలో లేరు. తప్పు వాళ్ళది కాదు, ఎండిపోయిన నేలకి ఎవరు డబ్బులు పెట్టి ఫోటో తీయిస్తారు? అట్ట వెనక తారీఖు లేదు. ఆ మూడో కుర్రాడెవరో చెప్పగలిగినవాళ్ళు మా ఇంట్లో ఇప్పుడెవరూ మిగల్లేదు. మా తాతయ్య తమ్ముడని ఒకరంటారు, కాదు పాలేరని ఒకరంటారు.

అందుకే ఆ కుర్రాళ్ళు "ఎడారి" అన్నప్పుడు నాకు వెంటనే నోరు పెగల్లేదు.

ఎందుకంటే వాళ్ళు వెళ్ళే ఎడారి కూడా మన దోఆబ్ లాగే మారుతోంది. రాజస్థాన్ కాలువ పని 1958లో మొదలైంది. ఇప్పుడు దాన్ని ఇందిరాగాంధీ కాలువ అంటారు. పంజాబ్‌లో సట్లెజ్, బియాస్ కలిసే చోటు నుంచి బయల్దేరి, 649 కిలోమీటర్లు సాగి, జైసల్మేర్ జిల్లాలో మోహన్‌గఢ్ దగ్గర ముగుస్తుంది. 1987 నాటికి నీళ్ళు ఆ చివరికి చేరాయి. ఎక్కడెక్కడి నుంచో రైతులు వచ్చి అక్కడా ఇసుకలో సాగు మొదలుపెట్టారు. మన క్యాంపుల కథే, ముప్పై ఏళ్ళ ఆలస్యంగా.

కాబట్టి బాబూ, మీ పర్యటనలో అందరూ వెళ్ళే సమ్ దిబ్బలకి ఒక సాయంత్రం వెళ్ళండి, జనం తక్కువ ఉండే ఖురీ దిబ్బల దగ్గర ఒక రాత్రి ఉండండి. కాని ఒక పూట మాత్రం ఆ కాలువ చివరికి కేటాయించండి. ఒకవైపు ఇసుక, ఒకవైపు పచ్చ పొలం, మధ్యలో నీళ్ళు. అక్కడ నిలబడి తీసిన ఫోటో మీ మనవళ్ళకి కాకపోయినా అక్కడి వాళ్ళ మనవళ్ళకి పనికొస్తుంది. అది సరిహద్దు జిల్లా, కొన్ని ప్రాంతాలకు అనుమతి కావాలి. వెళ్ళే ముందు స్థానిక అధికారుల్ని అడిగి తెలుసుకోండి. డ్రోన్ మాత్రం ఇంట్లో వదిలేయండి.

ఇక సామాను. ఎవరికి ఎంత డబ్బుంటే అంత కొనుక్కోవచ్చు, నేను కంపెనీల పేర్లు చెప్పను. పద్ధతి చెబుతాను.

కెమెరాలు రెండు పట్టుకెళ్తే మంచిదే. రెండు కెమెరాలుంటే రెండు లెన్సులు వాటికి తగిలించి మర్చిపోవచ్చు. ఒకటి వెడల్పుగా చూసేది, ఒకటి దూరం లాగేది. దూరపు లెన్సులో దిబ్బలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు వస్తాయి, ఒంటెల వరసకి అదే బాగుంటుంది. ఒక్క కెమెరానే ఉంటే 24 నుంచి 105 లాంటి ఒకే జూమ్ లెన్సు చాలు. ఐదు లెన్సులు ఎందుకు వద్దంటున్నానంటే, ఇసుకలో లెన్సు మార్చకూడదు. ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న పాఠం. ఇరవై ఏళ్ళ కింద సిరుగుప్ప వైపు హగరి ఏటి ఇసుకలో, గాలి వీస్తుండగా, ఒడిలో పెట్టుకుని లెన్సు మార్చాను. రెండు నిమిషాల పని. ఇంటికొచ్చేసరికి జూమ్ తిప్పితే కరకరమని చప్పుడు. బాగుచేసే అతను చూసి, దీనికి పెట్టే డబ్బుతో ఇంకోటి వస్తుందండీ అన్నాడు.

తప్పనిసరై మార్చాల్సి వస్తే కారులో, అద్దాలు ఎత్తి, ఇంజను ఆపి మార్చండి. లెన్సు ముందు మామూలు రక్షణ ఫిల్టరు ఒకటి పెట్టండి, గీతలు పడితే అది పడుతుంది. గాలి కొట్టే రబ్బరు బుడ్డి, మెత్తటి బ్రష్షు తీసుకెళ్ళండి. ఇసుక అంటిన అద్దాన్ని గుడ్డతో తుడవద్దు, అది గరుకు కాగితంతో రుద్దినట్టే. ముందు గాలి కొట్టి దులపాలి. జిప్ కవర్లు ఓ పది. థెసిజర్ మేకతోలుకి మన కాలపు బదులు అదే.

ట్రైపాడ్ నలుగురికీ ఒకటి చాలు. కాళ్ళు పూర్తిగా సాగదీసి, బిగించే చోట్లు ఇసుకకి పైన ఉండేలా పెట్టండి. నక్షత్రాలు తీయాలంటే ముందు పంచాంగం చూడండి! పౌర్ణమికి వెళ్తే దిబ్బలు వెన్నెల్లో బాగుంటాయి, నక్షత్రాలు ఉండవు. అమావాస్య దగ్గర వెళ్తే పాలవెల్లి కనపడుతుంది. ఏది కావాలో ఇప్పుడే తేల్చుకుని టికెట్లు కొనుక్కోండి. వెడల్పు లెన్సు పూర్తిగా తెరిచి, 15 నుంచి 20 సెకన్లు ఉంచితే చాలు, అంతకు మించితే చుక్కలు గీతలవుతాయి.

జనవరి రాత్రుళ్ళు అక్కడ గట్టి చలి. బ్యాటరీలు తొందరగా దిగిపోతాయి, అదనపువి లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోండి. చల్లబడిన కెమెరాను వెచ్చటి గదిలోకి తేగానే సంచి తెరవద్దు, లెన్సుకి చెమట పడుతుంది. అరగంట ఆగండి. విమానంలో వెళ్తే బ్యాటరీలు, పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి.

ఎండలో ఇసుకని తీస్తే కెమెరా మోసపోతుంది. ఇంత వెలుగేమిటని తనంతట తనే తగ్గించేస్తుంది, తెల్లటి ఇసుక బూడిదరంగులో వస్తుంది. ఎక్స్‌పోజర్ అర పాయింటు నుంచి ఒక పాయింటు దాకా పెంచి చూడండి. పొద్దున్న మొదటి గంట, సాయంత్రం చివరి గంట తప్ప మిగతా వేళల్లో దిబ్బ దిబ్బలా కనపడదు. ఆ ఏటవాలు వెలుగుకే ఇసుక మీది అలలు లేస్తాయి.

ఈ ఏటవాలు వెలుగు సంగతి నేర్చుకోవడానికి జైసల్మేర్ దాకా వెళ్ళక్కర్లేదు. మన రాయచూరు కోట గోడలో 40 అడుగులకు పైగా పొడవున్న ఒకే రాయి ఉంది. 1294లో గోరె గన్నయరెడ్డి తరఫున విఠలనాథుడు కోట కట్టించాడని దాని మీద తెలుగులో చెక్కారు. ఆ రాయిని అక్కడికి ఎలా తెచ్చారో బొమ్మలు కూడా చెక్కారు. రాయిని మోస్తున్న బండి, దాన్ని లాగుతున్న దున్నపోతుల వరస, వాటి తోకలు మెలిపెట్టి అదిలిస్తున్న మనుషులు. మిట్టమధ్యాహ్నం వెళ్తే గోడే కనపడుతుంది. వెలుగు పక్కనుంచి పడేలా చూసుకుంటే గీత గీతా లేస్తుంది. ఎండ అనుకూలంగా లేకపోతే ఒకరు అద్దం పట్టుకుని పక్కనుంచి వెలుగు కొట్టండి, ఇంకొకరు తీయండి. ఇసుక మీది అలకైనా రాతి మీది అక్షరానికైనా ఒకే సూత్రం. బయల్దేరే ముందు ఒక ఆదివారం అక్కడ సాధన చేద్దాం, నేనూ వస్తాను.

ఇంకో రెండు వస్తువులు మీ జాబితాలో లేవు. ఒకటి 20 రూపాయల నోటు పుస్తకం. తీసిన ప్రతి ముఖ్యమైన ఫోటోకి తారీఖు, ఊరు, మనిషి పేరు, ఏ వైపు తిరిగి తీశారు, ఇవి రాసుకోండి. ఫోనులో తారీఖు దానంతటదే పడుతుంది, కాని పేరు దానంతటదే పడదు. మా ఇంటి ఫోటోలో మూడో కుర్రాడి సంగతి చెప్పాను కదా. రెండోది అనుమతి. ఒంటె తోలే మనిషిని, పాట పాడే మాంగణియార్లను, తలపాగా ముసలాయన్ని అడిగి తీయండి. ఫోటో పంపుతామని మాటిస్తే ఇంటికొచ్చాక పంపండి. మనకి వాళ్ళు ఎడారిలో ఒక రంగు అనిపించవచ్చు, కాని ఆ ఫోటో వాళ్ళింట్లో గోడకెక్కుతుంది.

ఈ లెక్కన మీ 14 కిలోలు ఐదుకి దిగుతాయి. మిగతా తొమ్మిది కిలోలు రగ్గులూ స్వెట్టర్లూ పెట్టుకోండి, అమ్మలు సంతోషిస్తారు.

చివరగా సంఘం పెద్దలకి ఒక మనవి. క్యాంపులు వేసిన తొలి రోజుల ఫోటోలు ఎవరింట్లోనైనా ఉంటే, అది స్టూడియోలో దిగిందైనా సరే, బొమ్మ జలపాతం ముందు దిగిందైనా సరే, తీసుకురండి. సంక్రాంతి కలయిక రోజున మన కుర్రాళ్ళు కెమెరాలతో కాపీలు తీస్తారు, మీ ఫోటో మీకు వెంటనే ఇచ్చేస్తారు. ఫోటోతో పాటు అందులో ఉన్నవాళ్ళ పేర్లు చెప్పగల పెద్దవాళ్ళని కూడా తీసుకురండి. వాళ్ళని తీసుకురావడం ఫోటో తేవడం కన్నా ముఖ్యం. పేర్లు వాళ్ళకే తెలుసు, ఇంకో పదేళ్ళకి ఎవరికి తెలుస్తాయి?

మా ఫోటో నేను తెస్తున్నాను. ఆ మూడో కుర్రాణ్ణి మీలో ఎవరైనా గుర్తుపడతారేమోనని ఒక ఆశ.